స్లాట్ ఖాళీ ఉందా మేడమ్? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్ ఎలా ఉండాలో రాశాం కదా, దానికి వచ్చిన మెయిళ్ళలో ఎక్కువ భాగం అపాయింట్‌మెంట్ల గొడవే. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే. ఒకే రకం ప్రశ్నలు కలిపేశాను, మీ ప్రశ్న మీ మాటల్లో కనపడకపోతే ఏమనుకోకండి.

నేను ఫిజియోథెరపిస్ట్‌ని, ఒక్కదాన్నే ప్రాక్టీస్ చేస్తాను. పేషెంట్ భుజం పట్టుకుని ఎక్సర్‌సైజ్ చేయిస్తుంటే ఫోన్ మోగుతూనే ఉంటుంది. ఎత్తకపోతే వాళ్ళు ఇంకోచోటికి వెళ్ళిపోతారు, ఎత్తితే ఎదురుగా ఉన్నాయన మొహం మాడ్చుకుంటాడు. సైట్ ఉంది కానీ అందులో ఫోన్ నంబర్ తప్ప ఏమీ లేదు. ఆన్‌లైన్‌లో బుకింగులు తీసుకోడానికి ఏ టూల్ పెట్టుకోవాలి, ఫ్రీది సరిపోతుందా?

టూల్ పేరు చెప్పేముందు ఒక పని చెప్తాను, తిట్టుకోకండి. కాగితం తీసుకుని మీ వారం రాయండి, ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, కొత్త పేషెంట్‌కి ఎంతసేపు, పాతవాళ్ళకి ఎంతసేపు, ఒకరికీ ఇంకొకరికీ మధ్య చేతులు కడుక్కుని నోట్స్ రాసుకోడానికి ఎన్ని నిమిషాలు, ఎవరైనా ఇప్పుడు బుక్ చేసి అరగంటలో వచ్చేస్తానంటే మీకు కుదురుతుందా కుదరదా, ఎన్ని వారాల ముందు దాకా డేట్లు తెరిచి పెట్టాలి, ఇవన్నీ. ప్రతి టూల్‌లోనూ ఇవే సెట్టింగులు వేరే వేరే పేర్లతో ఉంటాయి, బఫర్ టైమ్ అని, మినిమమ్ నోటీస్ అని, బుకింగ్ విండో అని. కాగితం మీద రాసుకోనివాళ్ళు టూల్ ఇచ్చిన డీఫాల్ట్‌లు అలాగే వదిలేసి తర్వాత టూల్ బాలేదంటారు.

ఇంకో సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు, స్లాట్లు ఎంతెంత తేడాతో చూపించాలి అనేది. బఫర్ సంగతి కాసేపు పక్కన పెట్టి ఉదాహరణ చూడండి. మీరు పొద్దున 9 నుంచి 12 దాకా చూస్తారు, ఒక్కో సిట్టింగ్ 30 నిమిషాలు, అంటే ఆరుగురు పడతారు. టూల్ మాత్రం 15 నిమిషాలకి ఒక స్టార్ట్ టైమ్ చూపిస్తోంది. మొదటావిడ 9:15 నొక్కింది, తర్వాతాయన 10:00, ఆ తర్వాత 10:45, చివరాయన 11:30. అయిపోయింది, నలుగురే, మధ్యలో పావుగంట ముక్కలు నాలుగు మిగిలాయి, కలిపితే గంట, కానీ ఆ గంట ఎవరికీ ఇవ్వలేరు. అదే తేడా 30కి మారిస్తే ఆరుగురూ పడతారు. ఆ ఒక్క డ్రాప్‌డౌన్ మార్చడానికి ఏ పెయిడ్ ప్లానూ అక్కర్లేదు.

ఇక పేర్లు. ఇవి రెండు జాతులండి. ఒకటి మీటింగుల కోసం పుట్టినవి, 2013లో వచ్చిన క్యాలెండ్లీ లాంటివి, లింక్ పంపిస్తే అవతలివాళ్ళు టైమ్ ఎంచుకుంటారు. గూగుల్ క్యాలెండర్‌లో ఉండే అపాయింట్‌మెంట్ షెడ్యూల్ కూడా ఆ తరహాదే. రెండోవి సర్వీసుల కోసం పుట్టినవి, అక్యూటీ (2019లో వెబ్‌సైట్లు కట్టే కంపెనీ స్క్వేర్‌స్పేస్ కొనేసింది), సెట్‌మోర్, సింప్లీబుక్, స్క్వేర్ అపాయింట్‌మెంట్స్ లాంటివి. వీటిలో ఏ సర్వీసు, ఎవరు చేస్తారు, ఎంతసేపు, ఎంత రేటు అన్నీ విడివిడిగా పెట్టుకోవచ్చు. మీకు కొత్తవాళ్ళకి ఒక నిడివి, పాతవాళ్ళకి ఒక నిడివి ఉంటే క్యాలెండ్లీ ఫ్రీ ప్లాన్‌లో ఇబ్బంది పడతారు, ఎందుకంటే అందులో ఒకే రకం అపాయింట్‌మెంట్ ఇస్తారు. రెండో జాతిలో వెతకండి. మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్లాన్ ఇప్పటికే కడుతున్నవాళ్ళయితే అందులో బుకింగ్స్ అనే టూల్ ఉందేమో చూసుకోండి, డబ్బు కడుతూ కూడా అది ఉన్నట్టే తెలియనివాళ్ళు బోలెడుమంది. ఫ్రీ ప్లాన్లలో ఏమిస్తారనేది మారుతూ ఉంటుంది, కాబట్టి సైనప్ చేసేముందు ప్రైసింగ్ పేజీ ఓపిగ్గా చివరిదాకా చదవండి.

మాది ఇద్దరు ఫొటోగ్రాఫర్ల స్టూడియో. బుకింగ్ టూల్‌కి గూగుల్ క్యాలెండర్ కనెక్ట్ చేశాం, పచ్చ టిక్ కూడా కనిపిస్తోంది. అయినా ఒకే టైమ్‌కి రెండు ఫ్యామిలీలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాయి. తప్పు టూల్‌దా మాదా?

చాలావరకు కనెక్షన్‌ది. పచ్చ టిక్ అంటే అకౌంట్ కలిసింది అని మాత్రమే, ఏం చూస్తోందో అది చెప్పదు. నాలుగైదు చోట్ల వెతకాలి.

మొదటిది, మీరు నిజంగా లాగిన్ అయి కనెక్ట్ చేశారా లేక క్యాలెండర్ లింక్ ఒకటి కాపీ చేసి పేస్ట్ చేశారా. ఐసీఎస్ అని చివర ఉండే లింక్ అయితే అది వన్ వే, అంటే సమాచారం ఒకవైపే వెళ్తుంది. ఆ ఫార్మాట్ 1998 నాటి ఐక్యాలెండర్ స్టాండర్డ్‌లోది, 2009లో సవరించారు, నమ్మకమైనదే, కాకపోతే ఆ లింక్‌ని అవతలి సాఫ్ట్‌వేర్ ఎప్పుడో ఒకసారి వచ్చి చదువుకుని పోతుంది. మళ్ళీ రావడానికి గంటలు పట్టొచ్చు. ఈలోపు మీరు క్యాలెండర్‌లో ఏదైనా రాసుకున్నా టూల్‌కి ఆ టైమ్ ఖాళీగానే కనిపిస్తుంది. లాగిన్ అయి ఇచ్చే టూ వే సింక్‌లో ఇంత ఆలస్యం ఉండదు.

రెండోది, ఏ క్యాలెండర్లు చెక్ చేస్తోంది. ఒకే గూగుల్ అకౌంట్‌లో పనిది, ఇంటిది, పిల్లల స్కూలుది అని నాలుగు ఉంటాయి, టూల్ మాత్రం మెయిన్ క్యాలెండర్ ఒక్కటే టిక్ చేసుకుని కూర్చుంటుంది. మీ ఔట్‌డోర్ షూట్లు వేరే రంగు క్యాలెండర్‌లో రాసుకుంటున్నారనుకోండి, దాని దృష్టిలో ఆ రోజు మీరు ఖాళీ.

మూడోది నాకు భలే చిరాకు. క్యాలెండర్‌లో ప్రతి ఈవెంట్‌కి బిజీ, ఫ్రీ అని చిన్న గుర్తు ఉంటుంది. రోజంతా ఈవెంట్ పెడితే, అదే ఆల్ డే అని టిక్ చేస్తే, గూగుల్‌లోనూ ఔట్‌లుక్‌లోనూ మామూలుగా అది ఫ్రీ అనే పడుతుంది, పుట్టినరోజుల్లాంటి వాటి కోసం అలా పెట్టారు. మీరేమో "సెలవు" అని రోజంతా ఈవెంట్ పెట్టి హాయిగా ఊరెళ్ళిపోతారు, బుకింగులు వస్తూనే ఉంటాయి. ఆ ఈవెంట్ తెరిచి ఫ్రీని బిజీ చేస్తే చాలు. దీని వల్ల చెడిన సెలవులు ఎన్నో!

నాలుగోది, మీ ఇద్దరికీ షూటింగ్ రూమ్ ఎన్ని? ఒకటే అయితే అసలు గుట్టు ఇక్కడే ఉండొచ్చు. టూల్ లెక్క ప్రకారం ఫొటోగ్రాఫర్లు ఇద్దరు కాబట్టి 11 గంటలకి రెండు బుకింగులు న్యాయమే. రూమ్ అనేది కూడా ఒక హద్దు అని దానికి చెప్పాలి, టూల్స్‌లో దీన్ని రిసోర్స్ అంటారు. ఫొటోగ్రాఫరూ ఖాళీ ఉండాలి, రూమూ ఖాళీ ఉండాలి, అప్పుడే స్లాట్ చూపించాలి. కుర్చీ, మెషిన్, బెడ్ ఏదైనా ఇదే. ఈ సదుపాయం అన్ని టూల్స్‌లో ఉండదు, ఉన్నా పై ప్లాన్‌లో పెడతారు, ముందే అడగండి.

చివరిది, ఫోన్‌లో వచ్చిన బుకింగులు ఎక్కడ రాస్తున్నారు? డైరీలోనా? అయితే మిగతావన్నీ సరిచేసినా మళ్ళీ ఇద్దరు గుమ్మంలో నిలబడతారు. ఫోన్‌లో మాట్లాడుతూనే టూల్ యాప్ తెరిచి అందులోనే ఎక్కించండి, రెండు పుస్తకాలు పెట్టుకుంటే ఎంత ఖరీదైన టూల్ అయినా ఏం చేస్తుంది పాపం.

చెక్ చేయడం తేలిక. క్యాలెండర్‌లో రేపు ఒక టైమ్‌కి ఉత్తుత్తి ఈవెంట్ పెట్టండి, వేరే ఫోన్‌లో ఇన్‌కాగ్నిటోలో (లాగిన్ లేని ప్రైవేట్ విండోలో) మీ బుకింగ్ పేజీ తెరవండి, ఆ టైమ్ మాయమైందా? తర్వాత తిరగేసి, పేజీలో మీరే కస్టమర్‌లా బుక్ చేసి క్యాలెండర్‌లో పడిందా చూడండి. ఇద్దరి క్యాలెండర్లకీ చేయండి.

బుక్ చేస్తారు, రారు. ఫోన్ చేస్తే "అయ్యో మర్చిపోయానండీ" అంటారు. అడ్వాన్స్ పెడితే అసలు బుక్ చేయడమే మానేస్తారని భయం. – ఒక సెలూన్ ఓనర్

మర్చిపోయేవాళ్ళు వేరు, లెక్కచేయనివాళ్ళు వేరు, ఇద్దరికీ ఒకే మందు వేయకండి.

మర్చిపోయేవాళ్ళకి రిమైండర్ చాలు. ముందు రోజు ఒకటి, అదే రోజు రెండు మూడు గంటల ముందు ఒకటి, అంతకు మించి పంపితే విసుక్కుంటారు. ఆ మెసేజ్‌లో టైమ్‌తో పాటు "మార్చుకోవాలంటే ఇక్కడ నొక్కండి" అని లింక్ తప్పనిసరి. రాలేని మనిషికి ఫోన్ చేసి చెప్పడం మొహమాటం, ఆ మొహమాటంతోనే చెప్పకుండా మానేస్తారు. లింక్ ఉంటే రాత్రి పదకొండింటికైనా నొక్కేస్తారు, మీకు ఆ స్లాట్ తిరిగొస్తుంది. వెయిట్‌లిస్ట్ ఆన్ చేసి ఉంటే అది ఇంకొకళ్ళకి వెళ్తుంది కూడా.

ఇక్కడ ఒక మెలిక, రిమైండర్లు మెయిల్‌లో పంపి అవి స్పామ్‌లో పడుతుంటే మీరు పంపనట్టే. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద మొత్తంలో మెయిళ్ళు పంపేవాళ్ళ మీద రూల్స్ బిగించాయి. మీ సొంత డొమైన్ అడ్రస్ నుంచి వెళ్ళేలా పెట్టుకుంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు (మెయిల్ నిజంగా మీ దగ్గర్నుంచే వచ్చిందని చూపించేవి) డొమైన్ సెట్టింగుల్లో ఉండాలి. టూల్ వాళ్ళ హెల్ప్ పేజీలో ఏం పేస్ట్ చేయాలో ఉంటుంది, సైట్ చేసిపెట్టినవాళ్ళకి ఆ పేజీ పంపితే సరిపోతుంది. ఎస్సెమ్మెస్ అయితే చదువుతారు కానీ దానికి చాలా టూల్స్ విడిగా డబ్బు తీసుకుంటాయి. వాట్సాప్‌లో ఆటోమేటిగ్గా పంపాలంటే మామూలు యాప్‌తో కాదు, బిజినెస్ ప్లాట్‌ఫామ్ ద్వారా వెళ్ళాలి, మెసేజ్ నమూనాని ముందే అప్రూవ్ చేయించుకోవాలి.

లెక్కచేయనివాళ్ళకి అడ్వాన్సే. కానీ అందరికీ కాదు. రెండు గంటలు పట్టే పనులకి పెట్టండి, మొదటిసారి వచ్చేవాళ్ళకి పెట్టండి, నెలనెలా వచ్చే పాత కస్టమర్ దగ్గర అడ్వాన్స్ అడిగితే మీకే బాగోదు. ఎన్ని గంటల ముందు దాకా క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కి వస్తుందో బుక్ చేసే పేజీలోనే, బటన్ పక్కనే రాయండి, ఎక్కడో షరతులు అనే లింక్ వెనకాల దాచకండి. డబ్బు మాత్రం టూల్‌కి కలిపిన పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సర్వీసు) ద్వారానే తీసుకోండి. ఫామ్‌లో కార్డ్ నంబర్ అని ఖాళీ గడి పెట్టి నింపించేవాళ్ళని చూశాను, అది ఎప్పుడూ వద్దు, కార్డు వివరాలు మీ మెయిల్ బాక్సులో పడి ఉండటం మీకూ ప్రమాదమే వాళ్ళకీ ప్రమాదమే.

ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పుతాను. స్టూడెంట్లు కొందరు న్యూయార్క్ వైపు, కొందరు లండన్ వైపు. మార్చిలో ఉన్నట్టుండి కొందరు గంట ముందు లాగినయ్యారు, లండన్ వాళ్ళు మాత్రం మామూలుగానే వచ్చారు. మా దగ్గర గడియారం మార్చే పద్ధతి లేదు. టూల్ పాడైందా?

పాడవలేదండి, అమెరికాలో గడియారం మార్చారు. అక్కడ మార్చి రెండో ఆదివారం గంట ముందుకి జరిపి నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. బ్రిటన్, యూరప్‌లో అయితే మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు న్యూయార్క్ మారిపోయి ఉంటుంది, లండన్ ఇంకా మారి ఉండదు, మీరు చూసింది సరిగ్గా ఆ వారాలే. అక్టోబర్, నవంబర్ మధ్యలో ఒక వారం ఇలాగే మళ్ళీ వస్తుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

టూల్‌లో చూడాల్సింది, టైమ్‌జోన్‌ని ఊరి పేరుతో ఎంచుకున్నారా (అమెరికా/న్యూయార్క్ అని ఉంటుంది) లేక గంటల తేడా పెట్టారా అనేది. ఊరి పేరుతో పెడితే ఈ మార్పులన్నీ దానికి తెలుసు, మైనస్ ఐదు గంటలు అని పెడితే తెలియవు. మెసేజుల్లో పొట్టి పేర్లు వాడకండి, ఐఎస్‌టీ అంటే ఇండియాకీ అదే, ఇజ్రాయెల్‌కీ అదే, ఐర్లండ్‌కీ అదే.

అసలు చిక్కు టూల్ తీర్చలేనిది ఒకటుంది. వారం వారం ఉండే క్లాసు ఎవరి గడియారం ప్రకారం కదలకుండా ఉండాలి? మీదా, పిల్లవాడిదా? ఇద్దరిదీ కుదరదు. మీ టైమ్ కదలకూడదంటే వాళ్ళకి గంట మారుతుంది, స్కూల్ నుంచి వచ్చేసరికి క్లాసు అయిపోతుంది. వాళ్ళ టైమ్ కదలకూడదంటే మీకు మారి, ఇంకో స్టూడెంట్ మీద పడుతుంది. నా సలహా, మీ టైమ్ పట్టుకోండి, ఫీజు తీసుకున్న రోజే ఈ మాట చెప్పేయండి, గడియారాలు మారే వారం ముందు అందరికీ ఒక మెసేజ్ పెట్టండి.

బుకింగ్ క్యాలెండర్‌ని హోమ్‌పేజీలోనే పెట్టించాం. సైట్ నత్తలా తెరుచుకుంటోంది, ఫోన్‌లో అయితే స్క్రోల్ చేస్తుంటే మధ్యలో ఇరుక్కుపోతోంది.

అది ఐఫ్రేమ్, అంటే మీ పేజీలో కిటికీ పెట్టి అందులోంచి వాళ్ళ పేజీ చూపిస్తున్నారన్నమాట. మీ పేజీ తెరుచుకున్న ప్రతిసారీ వాళ్ళ స్క్రిప్టులన్నీ దిగుతాయి, బుక్ చేయనివాళ్ళకి కూడా. ఇరుక్కుపోవడం ఎందుకంటే లోపలి పేజీ ఎత్తు ఎక్కువ, మీ కిటికీ ఎత్తు తక్కువ, వేలు లోపల పడితే లోపలిదే జరుగుతుంది.

హోమ్‌పేజీ నుంచి తీసేయండి. అక్కడ "అపాయింట్‌మెంట్ తీసుకోండి" అని పెద్ద బటన్ ఒకటి, నొక్కితే విడిగా పేజీ. ఆ పేజీలో కిటికీ పెట్టినా పర్లేదు, లేదా నేరుగా టూల్ వాళ్ళ పేజీకే పంపేయండి, ఫోన్‌లో అదే సుఖం. అడ్రస్ బార్‌లో పేరు మారుతుందని చాలామంది బాధపడతారు కానీ కస్టమర్లు ఎవరూ పట్టించుకోగా నేను చూడలేదు. గూగుల్‌లో మీ బిజినెస్ ప్రొఫైల్ ఉంటే అందులో కూడా బుకింగ్ లింక్ పెట్టుకోవచ్చు, కొంతమంది మీ సైట్‌కి రాకుండా అక్కడే నొక్కుతారు. ఫోన్ నంబర్ మాత్రం తీయకండి, క్యాలెండర్ గడులు నొక్కడం చేతకాని పెద్దవాళ్ళు, తెర మీదిది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ళు ఉంటారు, కొన్ని టూల్స్‌లో డేట్ ఎంచుకునే చోట కీబోర్డ్ పనే చేయదు.

మా తమ్ముడు ప్రోగ్రామర్. నెలనెలా డబ్బు కట్టడం ఎందుకు, ఒక ఫామ్, ఒక టేబుల్, వీకెండ్‌లో చేసిస్తా అంటున్నాడు. చేయించుకోనా?

మీ తమ్ముడిని ఒక్క ప్రశ్న అడగండి. ఇద్దరు ఒకే స్లాట్ తెరిచి పెట్టుకున్నారు, ఇద్దరికీ ఖాళీ అని కనిపించింది, ఇద్దరూ ఒకే క్షణంలో కన్ఫర్మ్ నొక్కారు, ఏమవుతుంది? "ముందు ఖాళీ ఉందో లేదో చెక్ చేసి తర్వాత సేవ్ చేస్తా" అంటే వద్దనండి, ఇద్దరి చెక్‌లూ పాసై ఇద్దరివీ సేవ్ అవుతాయి. "ఒకే మనిషికి ఒకే టైమ్‌లో రెండు వరసలు పడకుండా డేటాబేస్‌లోనే అడ్డు పెడతా, రెండోవాళ్ళకి సారీ అని వేరే స్లాట్లు చూపిస్తా" అంటే కుర్రాడికి విషయం తెలుసు. అప్పుడు కూడా ఇంకోటి అడగండి, క్యాన్సిల్ లింక్, రిమైండర్, రీఫండ్, టైమ్‌జోన్, ఇవన్నీ ఏ వీకెండ్‌లో?

మధ్యేమార్గం ఉంది. ఈజీ అపాయింట్‌మెంట్స్ అని ఓపెన్ సోర్స్‌ది ఉంది, పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ ఉన్న మామూలు హోస్టింగ్‌లో పెట్టుకోవచ్చు, గూగుల్ క్యాలెండర్‌తో కలుస్తుంది. సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంటే అమేలియా, బుక్లీ లాంటి ప్లగిన్లు ఉన్నాయి. నెల ఫీజు తప్పొచ్చు కానీ అప్‌డేట్లు, బ్యాకప్‌లు మీ నెత్తిన పడతాయి. తమ్ముడు ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోతే ఎవరు చూస్తారు అనేది కూడా ఆలోచించుకోండి, తమ్ముళ్ళ గురించి ఇంతకంటే నేనేం చెప్పను.

ఫామ్‌లో ఏమేం అడగొచ్చు? – ఒక డైటీషియన్

పేరు, ఫోన్ లేదా మెయిల్, ఎందుకొస్తున్నారో ఒక లైన్. పుట్టినతేదీ, అడ్రస్, జబ్బుల చరిత్ర అంతా బుకింగ్ అప్పుడే అడిగితే సగంలో వదిలేసి వెళ్ళిపోతారు. పైగా ఆరోగ్యం వివరాలు మామూలు సమాచారం కాదు, యూరప్‌లో 2018 మే నుంచి అమల్లో ఉన్న వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ దాన్ని ప్రత్యేకంగా కాపాడాల్సిన వర్గంలో పెట్టింది, వేరే చోట్ల కూడా రూల్స్ ఉంటాయి, మీకు వర్తించేవి కనుక్కోండి. ఇంకోటి, ఫామ్‌లో రాసింది ఆటోమేటిగ్గా క్యాలెండర్ ఈవెంట్‌లోకి కూడా వెళ్ళి కూర్చుంటుంది చాలా టూల్స్‌లో. ఆ క్యాలెండర్ మీ ఇంట్లోవాళ్ళతో షేర్ చేసుంటే ఎవరికి షుగర్ ఉందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది.

టూల్ మార్చాలనుకుంటున్నాం. పాత బుకింగులు పోకుండా ఎలా?

ముందు పాతదాంట్లోంచి కస్టమర్ల లిస్టు, రాబోయే అపాయింట్‌మెంట్లు సీఎస్‌వీ ఫైల్‌గా (ఎక్సెల్‌లో తెరుచుకునే పట్టికగా) దింపుకోండి, కొత్తది కొనేముందే దింపుకోండి, కొన్నింటిలో ఎక్స్‌పోర్ట్ ఉండేది పెయిడ్ ప్లాన్‌లోనే, ప్లాన్ ఆపాక అడిగితే కష్టం. తర్వాత పాత టూల్‌లో ఒక తేదీ తర్వాత స్లాట్లన్నీ మూసేయండి, కొత్తదాంట్లో ఆ తేదీ నుంచి తెరవండి, ఆ తేదీ తర్వాత ఇప్పటికే ఉన్న బుకింగుల్ని కొత్తదాంట్లో చేత్తో ఎక్కించండి. ఎక్కించేటప్పుడు కస్టమర్‌కి కన్ఫర్మేషన్ మెయిల్ వెళ్ళకుండా ఆపే ఆప్షన్ ఉందేమో చూడండి, లేకపోతే అందరూ కంగారుపడి ఫోన్ చేస్తారు. పాతదాంట్లో వాటికి రిమైండర్లు ఆపండి, లేదంటే ఒకే అపాయింట్‌మెంట్‌కి రెండు చోట్ల నుంచి మెసేజులు వెళ్తాయి. పాత అకౌంట్‌ని మాత్రం వెంటనే డిలీట్ చేయకండి, కస్టమర్ల ఇన్‌బాక్సుల్లో పాత క్యాన్సిల్ లింకులు ఇంకా ఉంటాయి, చివరి పాత బుకింగ్ తేదీ దాటేదాకా అవి పనిచేయాలి, ఎవరైనా అక్కడ క్యాన్సిల్ నొక్కితే కొత్తదాంట్లో మీరే తీసేయాలి.